లోజేబు

ఆదివారం పొద్దున కాఫీ తాగిన కప్పు సింకు పక్కనా, జేబులోని పిస్టల్ డైనింగ్ టేబుల్ మీదా పెట్టి, "చిన్నదాన్ని కాస్త చూడు" అనేసి సోఫాలోకి వెళ్ళిపోవడం దామోదర్‌కి అలవాటు. చిన్నదంటే ఆ పిస్టలే. కప్పు కడిగేదీ భార్య చంద్రికే, పిస్టల్ తుడిచేదీ చంద్రికే. టెక్సస్‌లోని ప్లేనోలో వాళ్ళ వీధిలో రెండిళ్ళలో దొంగలు పడ్డ ఏడాది కొన్నాడు దాన్ని. అప్పటికి ఇద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చేసింది కాబట్టి అడ్డేమీ లేకపోయింది. అరచేతిలో ఇమిడిపోతుంది, ప్యాంటు జేబులో వేసుకుంటే చూసేవాళ్ళు పర్సనుకుంటారు. పార్టీల్లో నలుగురు మగవాళ్ళు చేరినచోట జేబు మీద చెయ్యేసి, "మనం ఎప్పుడూ రెడీ" అంటాడు. ఆ రెడీ వెనక రెండు వారాలకోసారి ఒక అరగంట ఎవరు కూర్చుంటున్నారో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈ పని చంద్రిక నెత్తిన ఎలా పడిందంటే, పిస్టల్ కొన్న చోట భార్యాభర్తలిద్దరికీ ఒక శనివారం ఉచితంగా క్లాసు పెట్టారు. నేర్పినావిడ రాధారాణి గారు. అరవై దాటిన మనిషి. ఓక్లహామా దారిలో భర్తతో కలిసి ముప్పై ఏళ్ళు మోటెల్ నడిపారు. కౌంటర్ వెనక ఒంటరిగా కూర్చోవలసిన రోజుల్లో నేర్చుకున్న విద్య అది. కాల్చడం నేర్పినంతసేపూ దామోదర్ ముందే నిలబడ్డాడు. విప్పి శుభ్రం చేయడం మొదలయ్యేసరికి ఆఫీసు నుంచి కాల్ వచ్చింది, బయటికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఇంటికొస్తూ కార్లో, "నీ వేళ్ళు సన్నంగా ఉంటాయి చంద్రికా, నువ్వయితేనే నీట్‌గా చేస్తావ్" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమెకి దక్కిన పొగడ్తలన్నీ ఇలాగే, ఒక్కో పనిని చంకనేసుకుని వచ్చాయి. నువ్వు తోడేస్తేనే పెరుగు, నువ్వు సర్దితేనే సూట్‌కేస్ మూతపడేది. పొగిడితే పొంగిపోయే వయసు దాటిపోయినా, కాదనడం ఎలాగో ఇంకా చేతకాలేదు.

కానీ ఆ క్లాసుకి చంద్రిక ఈనాటికీ రుణపడే ఉంటుంది. రాధారాణి గారు తన చేతుల్ని ఆమె చేతుల మీద వేసి చూపించారు. "ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా నమ్మకమ్మా. మ్యాగజైన్ తియ్యి, గుళ్ళుండే డబ్బా అది. పైభాగం వెనక్కి లాగి గుండు కూర్చునే చోటు కంటితో చూడు, వేలితో తడుము. చూశావా? మళ్ళీ చూడు." ఆ తర్వాత జేబు గురించి చెప్పారు. "జేబులో పెట్టుకునేదానికి మొదటి శత్రువు దొంగ కాదు, జేబే. గుడ్డ నూగు, చెమట, చిల్లర డబ్బులు, అన్నీ దాన్లోకే పోతాయి. అది ఉన్న జేబులో ఇంకేమీ ఉండకూడదు. ట్రిగ్గర్ కప్పి ఉంచే ఒర లేకుండా అసలు పెట్టుకోకూడదు. రెండు వారాలకోసారి విప్పి చూడు. నూనె మాత్రం ఒక్క చుక్కే. ఎక్కువేస్తే నూగంతా అక్కడే పేరుకుంటుంది."

మొదట్లో విసుక్కుంటూ చేసింది. పోనుపోను, ఆ అరగంట ఆమెకి ఇష్టమైపోయింది. పాత న్యూస్‌పేపర్ పరిచి, గుళ్ళన్నీ వేరే గదిలో పెట్టి వచ్చి, పైభాగం విడదీసి, లోపలి స్ప్రింగు తీసి, చిన్న బ్రష్‌తో సందుల్లో నూగు దులుపుతుంటే ఇంట్లో ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. పిస్టల్ చేతిలో ఉన్న ఆడదాన్ని పచ్చడి జాడీ ఎక్కడుందని ఎవరడుగుతారు! పైగా ఆ ఒక్క మాట బుర్రలో తిరుగుతూ ఉండేది: ఖాళీ అని ఎవరన్నా నమ్మకు, నువ్వు చూడు. "నువ్వు ఇంట్లో ఖాళీయే కదా" అని ఎంతమంది ఎన్నిసార్లు అన్నారో! దామోదర్ అన్నాడు, ఆడపడుచు అన్నది, ఎదురింటివాళ్ళు ఎయిర్‌పోర్ట్ రైడ్ కావలసివచ్చినప్పుడల్లా అన్నారు. ఒకరోజు బ్రష్ పక్కన పెట్టి తన రోజుని కూడా అలాగే విప్పి చూసుకుంది. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా వేలు దూరే సందు లేదు, ఉన్నదంతా ఇంకొకరి పనే. ఆ వేసవిలోనే చదివి, రియల్ ఎస్టేట్ లైసెన్స్ పరీక్ష రాసింది. సెప్టెంబర్ కల్లా అమ్మకానికి పెట్టిన ఇళ్ళు జనానికి చూపించే పనిలో చేరింది. ఎవరెవరి ఇళ్ళ తాళాలో ఆమె చేతికి వచ్చాయి.

అక్టోబర్‌లో దసరా వచ్చింది. అత్తగారు లక్ష్మీకాంతమ్మ ఆరేళ్ళ నుంచి వీళ్ళ దగ్గరే ఉంటున్నారు. ఏటా ఆయుధపూజ ఆవిడే చేస్తారు. ఈసారి కారు తాళం, లాప్‌టాప్‌తోపాటు పిస్టల్ కూడా పీట మీదికి ఎక్కింది. దాన్ని ఖాళీ చేసి, రెండుసార్లు చూసి మరీ పెట్టింది చంద్రిక. అత్తగారు భక్తిగా తడి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గుప్పెడు అక్షింతలు వేసి, "నీదేమన్నా ఉంటే పెట్టమ్మాయ్" అన్నారు. చంద్రిక నోరు తెరిచేలోపే దామోదర్ నవ్వి, "తనదేముందమ్మా, ఓ గరిటె తెచ్చి పెట్టు" అన్నాడు. ఫోటోలు తీస్తున్న దామోదర్ ఆఫీసు ఫ్రెండు రాకేషూ నవ్వాడు. చంద్రిక కూడా నవ్వింది. అలాంటప్పుడు నవ్వెయ్యడం అలవాటైపోయింది మరి.

ఆ సాయంత్రమే చెప్పింది, "ఇకనుంచి నాకు వీకెండ్సే పని ఎక్కువ. చిన్నదాన్ని మీరే చూసుకోండి" అని. "సరే సరే" అన్నాడు దామోదర్. పైపైన టిష్యూతో పసుపు తుడిచేసి, గుళ్ళు పెట్టుకుని, జేబులో వేసుకున్నాడు. అలమరలో బట్టలు వాటంతటవే మడతలు పడతాయని నమ్మే మనిషి, పిస్టల్ దానంతటది తుడుచుకోదని ఎందుకనుకుంటాడు?

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం ఖాళీ ఇల్లు చూపిస్తుంటే, కొనడానికొచ్చినవాడు లోపలికి వచ్చి వీధి తలుపు గడియ వేశాడు. "మీరొక్కరే వచ్చారా?" అన్నాడు. మాటలో ఏమీ లేదు, గడియలో ఉంది అంతా. వంటింటి గట్టుకి ఇవతల నిలబడి, మా బాస్ గరాజ్ దగ్గర ఉన్నారని అబద్ధమాడి, పెరటి తలుపులోంచి బయటపడి, కార్లో కూర్చుని తలుపులన్నీ లాక్ చేసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. అత్తగారు టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"భయమైతే మానెయ్. నిన్నెవరు వెళ్ళమన్నారు?" అన్నాడు దామోదర్.

"మానను. పనికెళ్ళే రోజుల్లో అది నాకిస్తారా?"

"నీకా! నీ డ్రెస్సుల్లో దేనికైనా జేబుందా? ఎక్కడ పెట్టుకుంటావ్, హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ పక్కనా?"

అత్తగారు తలెత్తలేదు. కాయలు చటుక్ చటుక్‌మంటూ విరుగుతున్నాయి. మొగుడి వెటకారం కంటే ఆ మౌనమే ఎక్కువ గుచ్చుకుంది చంద్రికకి. పని ఉంటుందా, పోతుందా అన్నది ఆ రోజు నుంచి ఆమె గుండెల మీద కుంపటిలా కూర్చుంది. ఒంటరిగా ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టలేనివాళ్ళకి ఆ పని లేదు. పని పోతే మళ్ళీ ఆ "ఖాళీ" బతుకే.

జనవరిలో రాకేష్, పిస్టల్ కొన్న షాపువాళ్ళ షూటింగ్ రేంజ్ చూస్తానంటే, అతనూ మొగుడూపెళ్ళాలూ ముగ్గురూ వెళ్ళారు. రాధారాణి గారు పక్కనే ఎవరికో నేర్పిస్తున్నారు. దామోదర్ హీరోలా నిలబడి, గురి చూసి నొక్కాడు. టక్‌మంది, అంతే. మళ్ళీ నొక్కాడు. టక్. అంతటితో ఊరుకోకుండా, చేతిలో పిస్టల్‌తో సహా వెనక్కి తిరిగి, "ఏంటి చంద్రికా, క్లీన్ చెయ్యలేదా నువ్వు?" అన్నాడు.

"ముక్కు అటు తిప్పవయ్యా!" రాధారాణి గారి కేక హాలంతా వినబడింది. "కదలకు. గోడకేసి పెట్టి అలాగే ఉంచు. అర నిమిషం ఆగు, ఆలస్యంగానైనా పేలొచ్చు. చంద్రికా, నువ్వు రామ్మా."

అర నిమిషం అయ్యాక చంద్రిక వెళ్ళి దామోదర్ చేతిలోంచి తీసుకుంది. మ్యాగజైన్ తీసింది. లోపలున్న గుండు బయటికి లాగింది. చూసింది, మళ్ళీ చూసింది. బల్ల మీద పెట్టి విప్పింది. నూగు చుట్టుకుని ఎండిపోయిన కుంకుమ ముద్ద కనిపించింది. వెనకనుంచి సుత్తి వచ్చి కొట్టే సందులో, పసుపు పచ్చగా, చెక్కు చెదరకుండా ఒక అక్షింత గింజ. బ్రష్ కొసతో కదిలిస్తే బల్ల మీదికి దొర్లింది. రాకేష్ పడీపడీ నవ్వాడు. దామోదర్ మొహం మాడిపోయింది. దసరా నుంచి సంక్రాంతి దాటిందాకా, మూడు నెలలు, "ఎప్పుడూ రెడీ" అంటూ తిరిగింది దీన్ని జేబులో పెట్టుకునే.

"కడిగే చెయ్యికే దాని గుట్టు తెలుస్తుంది" అన్నారు రాధారాణి గారు, ఎవరినీ చూడకుండా. తర్వాత చంద్రిక భుజం మీద చెయ్యేసి, "నీకంటూ ఒకటి కొనుక్కోమ్మా. శనివారాలు రా, నేను నేర్పిస్తాను. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే చెప్తున్నా" అన్నారు. చంద్రికకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకి ఏదైనా అవసరమని ఇంకొకరు గుర్తుపట్టడం ఎంతకాలానికి!

ఇంటికి రాగానే దామోదర్ చెప్పులు విప్పకుండానే మొదలెట్టాడు. "నీ అక్షింతల వల్ల అందరి ముందూ పరువు పోయిందమ్మా. ఈవిడేమో చూసి చావలేదు."

ఇక తనకి మూడిందనుకుంది చంద్రిక. ఏ తప్పయినా తిరిగి తిరిగి కోడలి గుమ్మం దగ్గరే ఆగుతుందని ఆమెకి తెలుసు. లక్ష్మీకాంతమ్మ కళ్ళజోడు సర్దుకుని కొడుకుని తేరిపార చూశారు.

"గింజ వేసింది నేనే. కాదనను. మూడు నెలలు జేబులో మోసినవాడివి నువ్వు కదరా? మోసేది నువ్వయితే చూసుకోవాల్సింది కోడలా?"

దామోదర్ విసురుగా మేడమీదికి వెళ్ళిపోయాడు. ఆవిడ ఏమీ జరగనట్టే, "నీ డ్రెస్సులు పట్రా అమ్మాయ్, పనికి వేసుకునేవి" అన్నారు.

"ఎందుకత్తయ్యా?"

"జేబులు కుట్టడానికి. ఆ రోజు తలుపు గడియ సంగతి చెప్పావు చూడు, అప్పుడే అనుకున్నా. వాడి ముందు అనడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన ముందు రాలేదు, వాడి ముందూ రాలేదు. ఇవాళ ఎలాగో వచ్చింది." కుట్టుమిషన్ మీద గుడ్డ తీస్తూ గొణిగారు. "మగాడి ప్యాంటుకి నాలుగు, చొక్కాకి ఒకటి. ఆడదాని బట్టకి ఒక్కటి కుట్టడానికి వీళ్ళ సొమ్మేం పోయింది?"

ఆ క్షణాన చంద్రికకి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు, పరుగెత్తికెళ్ళి ఐదు కుర్తాలు తెచ్చింది. చిక్కుడుకాయల రోజు ఆవిడ మౌనాన్ని రెండు నెలలు తప్పుగా చదివానే అని సిగ్గుపడింది. ఖాళీ అనుకున్నచోట రెండోసారి చూడమన్న పాఠం అత్తగారి విషయంలో మాత్రం మర్చిపోయింది. ఖాళీ ఒర కొలత తీసుకుని, లోపల దళసరి గుడ్డ వేసి, బరువుకి జారకుండా నడుము కుట్టుకి పట్టించి, పైకి కనిపించకుండా ఒక్కో కుర్తాకీ ఒక్కో లోజేబు కుట్టారు లక్ష్మీకాంతమ్మ. శనివారం క్లాసులో రాధారాణి గారు అది పట్టి లాగి చూసి, "మా షాపులో అమ్మేవాటికన్నా గట్టిగా ఉంది. ఎవరమ్మా కుట్టింది?" అన్నారు. "మా అత్తగారు" అని గర్వంగా చెప్పింది చంద్రిక. ఆ మాట గర్వంగా చెప్పడం అదే మొదటిసారి.

మార్చి కల్లా చంద్రికకి సొంతది వచ్చింది. రేంజ్‌లో చెయ్యి కుదిరింది. ఖాళీ ఇళ్ళకి వెళ్తోంది, వచ్చినవాళ్ళని ముందు లోపలికి నడవనిచ్చి, తను తలుపు దగ్గర నిలబడుతోంది. లోజేబులో చెయ్యి పెట్టాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు, రాకూడదనే రోజూ దండం పెట్టుకుంటోంది. తుపాకులు వద్దని బోర్డున్న చోట కార్లో పెట్టెలో పెట్టి తాళం వేసి వెళ్తోంది.

ఒక ఆదివారం దామోదర్ అలవాటుగా కప్పు సింకు పక్కనా, పిస్టల్ టేబుల్ మీదా పెట్టాడు. "చిన్నదాన్ని..." అని మొదలుపెట్టి, టేబుల్ మీద అప్పటికే పేపర్ పరిచి తనది విప్పుకుంటున్న భార్యని చూసి ఆగాడు. చంద్రిక ఇంకో బ్రష్ ఎదుటి కుర్చీ ముందు పెట్టింది. "కూర్చోండి, నేర్పిస్తాను. ముందు గుళ్ళు తీసి పక్కగదిలో పెట్టి రండి." ఆయన గుళ్ళు తీసి పక్కగదిలో పెట్టొచ్చాడు. తర్వాత కూర్చున్నాడు. కప్పు కూడా కడిగాడని మాత్రం అబద్ధం చెప్పలేం.

లక్ష్మీకాంతమ్మ మిషన్ ముందునుంచి లేచి వచ్చి, చీర కుచ్చిళ్ళు కాస్త పక్కకి తీసి, లోపావడాకి కుట్టిన జేబొకటి చూపించారు. "మిగిలిన గుడ్డతో నాకూ ఒకటి కుట్టుకున్నానే."

"మీకెందుకత్తయ్యా?" నవ్వింది చంద్రిక.

"మరేం లేదు. మీరిద్దరూ వెళ్ళాక పార్కుదాకా నడిచిరావాలంటే తలుపు దగ్గరికేసి పోవాలి కదా, దొంగల భయమని ఆగిపోతా. ఈ ఇంటి తాళంచెవి ఒకటి చేయించి ఇస్తావా?"

చంద్రిక నవ్వు ఆగిపోయింది. ఎవరెవరి ఇళ్ళ తాళాలో రోజంతా మోస్తూ తిరుగుతుంది తను. ఆరేళ్ళుగా ఇంట్లో ఉన్న ఈ మనిషికి తాళంచెవి లేదన్న సంగతి ఒక్కసారీ చూడలేదు. చేతికంటిన నూనె తుడుచుకుని, బ్యాగులోంచి తాళాల గుత్తి తీసి, దాంట్లోంచి ఈ ఇంటి తన తాళంచెవిని విప్పి, అత్తగారి జేబులో స్వయంగా వేసింది. తనకి ఇంకొకటి చేయించుకోవచ్చు.