తడి బరువు

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. అఫ్జల్‌గంజ్‌లో నాది ఎండుమిర్చి, చింతపండు టోకు వ్యాపారం. నా లెక్కలో అనుమానం ఖర్చు కాదు, పెట్టుబడి.

అంతకుముందు ఏడాది మా మొదటి బిడ్డ నెలలు నిండకముందే, గుప్పెడంత పుట్టి దక్కలేదు. కమల మళ్లీ నీళ్లోసుకున్నప్పుడు డాక్టరమ్మ నన్నే పిలిచి చెప్పింది. తల్లి మరీ సన్నగా ఉంది, బాగా తినాలి, ఐదో నెల నుంచి నెలకు కిలోన్నర, రెండు కిలోలు పెరగాలి.

అది నాకు తెలిసిన భాష. వారం వారం దుకాణం మూసే రోజున కమలను తీసుకొచ్చి బస్తాల కాంటా మీద నిలబెట్టేవాణ్ణి. మా అమ్మ నాగమణమ్మకు ఇది గిట్టలేదు.

"కడుపుతోటి ఉన్నదాన్ని మిర్చి బస్తా తీర్గ తూస్తవా? దిష్టి తాకదా?"

"సుట్టూ ఎండుమిరపకాయలే ఉంటే దిష్టి ఏడికెళ్లి వస్తదే అవ్వా?"

ఏడో నెల వచ్చినా తూకం కదల్లేదు. నేను తెచ్చే గుడ్లు, పల్లీలు, పాలు ఎటు పోతున్నట్టు? ఒక మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికి వెళ్లాను. కమల కంచంలో పిడికెడు అన్నం, కాసిన్ని చారు నీళ్లు. గుడ్లు గంపలోనే ఉన్నాయి.

"బిడ్డ లావైతే కాన్పు కష్టమైతది. మా అక్క గట్లనే పోయింది" అంది అమ్మ.

"మరి గింతంత పుట్టి పోయినోడు యాదికి లేడా?"

ఆ రోజు నుంచి నేను ఎదురుగా కూర్చుంటేనే కమల భోజనం. పప్పు, పాలకూర, గుడ్డు, పెరుగు. తూకం మెల్లగా లేచింది.

ఎనిమిదో నెలలో ఒక్క వారానికే మూడు కిలోలు పెరిగింది. అమ్మ మురిసిపోయింది. పక్కింటి ఖైసర్ బేగం గోడ మీదుగా చూసి, "మాషా అల్లా! మొహం నిండింది. ఇంక ఫికర్ లేదు భాయ్" అంది.

నాకు మాత్రం ఫికర్ అప్పుడే మొదలైంది. తినేది నా కళ్ల ముందే, అంతకుముందు తిన్నంతే. సరుకు పెరగకుండా తూకం పెరిగితే మా బజారులో ఒకటే అర్థం: ఎవరో నీళ్లు చల్లారు. అలాంటి చింతపండును నేను బొటనవేలితో నొక్కి చూసి కనిపెట్టేస్తాను.

కమల కాలి మడమ పైన నొక్కాను. గుంట పడింది. వేలు తీసినా పూడలేదు.

"తలకాయ నొస్తుందా?"

"మూడు దినాల సంది. కండ్ల ముంగట మిణుగురులు గూడ. జెప్తే మల్ల కాంటా ఎక్కిస్తరని జెప్పలే."

"కడుపుతోటి కాళ్లుబ్బుడు అందరికున్నదే. ఊకె లొల్లి జేయకు" అని అమ్మ అడ్డం వచ్చింది.

"అందరి సంగతి నాకెందుకు? రిక్షా తెస్తున్న, చీర మార్పియ్."

దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఇది తిండి బరువు కాదయ్యా, ఒంట్లో చేరిన నీరు. బీపీ చాలా ఉంది. ఆలస్యం చేస్తే ఫిట్స్ వచ్చి ఇద్దరికీ ప్రాణం మీదికొచ్చేది. ఇక్కడే ఉంచాలి."

అమ్మకు సందు దొరికింది. "నేను మొదటి సంది మొత్తుకుంటనే ఉన్న. తిండి తగ్గియ్యాలె గద డాక్టరమ్మా?"

"వద్దు పెద్దమ్మా. ఇది తిండి వల్ల వచ్చింది కాదు. కడుపు మాడిస్తే లోపల బిడ్డే చిక్కిపోతుంది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మందులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చి కాన్పు చేశారు. ఆడపిల్ల. చిన్నదే గాని గొంతు పెద్దది, వార్డంతా లేపింది.

మర్నాడు అమ్మ టిఫిన్ గిన్నె తెచ్చి వడ్డించింది. కమల ఊడ్చినట్టు తినేసి కంచం చాపింది. "ఇంకింత పెట్టత్తమ్మా."

అమ్మ గరిటె గాలిలో ఆగింది. నేను చూస్తున్నాను.

"గట్ల సూడకురా! పెడుతున్న గద" అంటూ అన్నం వేసి, పైన గుడ్డు పెట్టింది.

పెట్టింది నిజమే. అయినా నేను లేచి, గిన్నె అడుగున ఇంకేమైనా మిగిల్చిందేమోనని వంగి చూశాను.