ఎడారి అంచున మలుపు

నీలం రంగు నీళ్లు అట్ట అంచు దాటి కార్పెట్ మీదికి కారాయి.

"ఆంటీ! నైజర్ ఈజిప్ట్‌కి పోతోంది!" అని మీనా అరిచింది.

ఈ పిస్కాటవే ఊళ్లో మా కింది అపార్ట్‌మెంట్ శశికళ గారిది. ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేదాకా కూతురు మీనా మా ఇంట్లోనే ఉంటుంది. నాలుగో తరగతి. నదుల ప్రాజెక్టుకు అందరూ పోస్టర్లు వేస్తుంటే, తన నైజర్ నది నిజంగా పారుతుందని క్లాసులో చెప్పేసి వచ్చింది. ఎవరూ నమ్మలేదట. రేపు పొద్దున్నే చూపించాలి.

మా ఊరి బళ్లో బంకమట్టితో గోదావరిని చేసేవాళ్లం. పడమట కొండలు పెట్టి, పలకను తూర్పుకు వాల్చితే చాలు, నీళ్లు సముద్రందాకా పోయేవి. ఇప్పుడు ఉప్పు కలిపిన మైదాపిండితోనూ నా చేతులు అదే పని చేశాయి. నైజర్ కూడా పడమటి సముద్రానికి దగ్గర్లోనే పుట్టి, దానికి వీపు తిప్పి లోపలికి నడుస్తుంది. అంతవరకు గోదావరే. కానీ టింబక్టూ పట్నం దాటాక, సహారా అంచున, దక్షిణానికి మళ్లి తిరిగి అదే మహాసముద్రంలో కలుస్తుంది. నేను వాల్చిన అట్ట మీద నీళ్లు ఎలా మళ్లుతాయి?

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. బయట మంచు కురుస్తోంది. మళ్లీ వచ్చాను. మా ఆయన రవికి ఆఫీసు ప్రాజెక్టు అయిపోవచ్చింది. వచ్చే నెల దేశం అవతలి కొసన రెడ్‌మండ్‌కి మారాలేమో అంటున్నాడు. గోడ వారన అట్టపెట్టెలు, పోయినసారి మారినప్పటివి, ఇంకా విప్పనేలేదు.

ఇంతలో శశికళ గారు వచ్చారు. "ఏంటి భానూ ఈ వరద! మీనూ, మార్కర్‌తో బ్లూగా గీసేయ్, అయిపోతుంది."

"నో అమ్మా. పారుతుంది అని చెప్పాను."

"చెప్పావులే, పెద్ద ఇరిగేషన్ ఇంజినీరువి!"

మీనా అట్టను దక్షిణానికి వాల్చింది. నీళ్లు కొండల్లోంచే కిందికి జారిపోయాయి. తూర్పుకు వాల్చితే మళ్లీ కార్పెట్టే. పిల్ల మార్కర్ వైపు చూసింది.

అట్టను లాక్కుని చదునుగా బల్ల మీద పెట్టాను. ఎటూ వాల్చకుండా, చెంచాతో మలుపు తర్వాతి దారిని లోతుగా తవ్వసాగాను. పిండి ఇంకా పచ్చిగానే ఉంది. మీనా కొండల్ని ఎత్తు చేసింది. తూర్పున గట్టుకు పిండి చాలలేదు. శశికళ గారు కోటు కూడా విప్పకుండా కిందికి పరిగెత్తి, ఫ్రిజ్‌లోని చపాతీ పిండి తెచ్చారు.

"రేపటి నా లంచ్ సహారా పాలు" అంటూ గట్టు ఒత్తారు.

మీనా గ్లాసు వంచింది. నీళ్లు ఉత్తరానికి సాగి, మలుపు దగ్గర ఆగిపోయాయి. నా చెయ్యి అట్ట అంచు మీదికి పోయింది.

"లిఫ్ట్ చేయకండి ఆంటీ. వెయిట్."

చెయ్యి తీసేశాను. మడుగు మెల్లగా ఉబ్బింది. సన్నటి నీలి చార ఒకటి గట్టును ఆనుకుని దక్షిణానికి తిరిగి, అంచున పెట్టిన స్టీలు పళ్లెంలోకి దిగింది.

"టర్న్ అయింది! అమ్మా, టర్న్ అయింది!"

"చూశాన్లే. దీన్ని రేపు కార్‌లో ఎలా తీసుకెళ్తావ్?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను గోడ వారనున్న పెట్టెల్లో ఆ అట్ట పట్టేంత పెద్దదాని టేపు చించి, అందులోని గిన్నెలు ఒక్కొక్కటే తీసి అలమారలో సర్దడం మొదలుపెట్టాను.