అక్క కోరిన చల్లదనం

నేను యంత్రాలకు ఆదేశాలు చేరవేసే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డును. బొటనవేలంత ఉంటాను. ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. నాలాంటివి అక్కడ వేలల్లో ఒకే రోజు పుడతాయి కనుక బాల్యమంటూ చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కోఠీలో ఒక దుకాణపు డబ్బాలో పడి ఉండగా, హన్మకొండలో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పే హేమ నన్ను కొంది.

హేమ తన అక్క సుగుణతో కలిసి ఉంటుంది. సుగుణ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఆమెకు చూపు లేదు. వాళ్లింట్లో ఎండాకాలం చల్లగాలీ చలికాలం వెచ్చనిగాలీ ఇచ్చే హీట్ పంపు ఒకటి గోడకు బిగించారు. దాని రిమోట్ అద్దంలా నున్నగా ఉంటుంది. ఏది ఏ బటనో వేలికి తెలియదు. మే నెలలో ఒక మధ్యాహ్నం, హేమ ఇంట్లో లేనప్పుడు, సుగుణ తడుముతూ నొక్కితే వేడిగాలి మొదలైంది. ఆపబోతే ఇంకా పెరిగింది. చివరికి ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. హేమ వచ్చేసరికి అక్క చీర చెమటతో తడిసి ముద్దయి ఉంది.

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదక్కా?"

"గాలి కోసం గూడ నిన్నే పిలవాల్నా?" అంది సుగుణ.

ఆ మాట గుచ్చుకునే హేమ నన్ను తెచ్చింది. కరెంటు ఆపి, హీట్ పంపు మూత తీసి, లోపలి సాకెట్‌కు నా తీగలు కలిపింది. ఇంటి వైఫైలో నన్ను చేర్చింది. నేను పలికాను, యంత్రం పలకలేదు. చెప్పే తీగా వినే తీగా తారుమారయ్యాయి. ఎవరి మాటా ఎవరికీ చేరకుండా మనుషులు ఏళ్లు గడిపేస్తారట. మాకు రెండు తీగలు మారిస్తే సరిపోయింది.

"ఇరవై ఒకటి చెయ్" అంది సుగుణ తన ఫోన్‌తో. ఆ మాట వైఫై మీదుగా నాకు చేరింది, నేను యంత్రానికి చెప్పాను. ఎన్ని డిగ్రీలకు మారిందో ఫోన్ చదివి వినిపించింది. ఆమె ఆ గాలికి ఎదురుగా చాలాసేపు నిలబడింది.

వారం తర్వాత హేమ కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంత చల్లగ ఎవరు పెట్టిండ్రు?"

"నేనే."

"మనకెప్పుడు ఇరవై ఆరే గదక్కా."

"అది నీకు. నన్నెప్పుడన్న అడిగినవా?"

హేమ చేతిలోని సంచీ కింద పెట్టి అక్క పక్కన కూర్చుంది. "లేదు" అంది.

ఇప్పుడు సాయంత్రమైతే ఆ ఇంట్లో వాదులాట. ఒకరు ఇరవై ఒకటంటారు, ఒకరు ఇరవై ఆరంటారు. ఎవరు చెప్పినా యంత్రానికి చేరవేయడమే నా పని. మూత వెనక చీకట్లో కూర్చుని వాళ్ల మాటలు వింటూ హాయిగా ఉన్నాను.

నిన్న సుగుణ గెలిచింది.