ప్రారంభోత్సవం కాని పొయ్యి

దేశంలో మొదటి నూనె బావి మాదే. నూనె పడిన రోజు మా చీఫ్ ఇంజనీరు ముఖానికి కాస్త పూసుకుని మరీ ఫోటో తీయించుకున్నారు. నూనెతో పాటు పైకొచ్చిన గ్యాసు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. దాన్ని ఓ పొడుగాటి గొట్టం చివర రాత్రింబవళ్లు తగలబెట్టేవాళ్లం. ఆ వేడికి మా క్వార్టర్లలో ఉతికిన బట్టలు అరగంటలో ఆరేవి. దేశ సంపదకు అంతకుమించిన ఉపయోగం పెద్దల బుర్రలకు తోచలేదు.

ఆ మంటకు కూతవేటు దూరంలో క్యాంటీన్. అక్కడ వంట మా ఆవిడది. రెండు వందల మందికి పచ్చికట్టెల మీద వండేది. పొగకు ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ఇంకో ఏడాది ఇలాగే ఉంటే మనిషి దక్కదనీ డాక్టరు చెప్పాడు.

నేను పైపు ఫిట్టర్ని. క్యాంటీన్‌కు గ్యాసు లైను వేయడం నాకు రెండు రోజుల పని. వెళ్లి చీఫ్‌ని అడిగాను. ఆయనకు మేం పెట్టుకున్న పేరు రేపు సార్. ఏడు నెలలు రేపు, రేపు అన్నారు. మంత్రిగారు వస్తున్నారని కబురు రాగానే ఆ ఆలోచన రాత్రికి రాత్రి ఆయన సొంతమైపోయింది. లైను వేశాను, పొయ్యి బిగించాను, ఎక్కడా లీకు లేదని చూసుకున్నాను. రేపు సార్ వచ్చి పొయ్యికి ఎర్ర రిబ్బను కట్టించారు. మంత్రిగారు వెలిగించేదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి వెళ్లారు.

మంత్రిగారు రాలేదు. వాయిదా, మళ్లీ వాయిదా. మా ఆవిడ ఆ కొత్త పొయ్యి పక్కనే కూర్చుని కట్టెలు ఊదుతూ దగ్గేది. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, రిబ్బను మీద దుమ్ము దులపడం. రేపు సార్‌ని తిట్టుకున్నప్పుడల్లా నన్ను కూడా కలిపి తిట్టుకునేవాణ్ణి.

మూడోసారి వాయిదా పడిన రోజు పొద్దున, అందరూ టీ కోసం వరసలో నిలబడి ఉండగా, మా ఆవిడ ఉల్లిపాయలు తరిగే కత్తితో రిబ్బను కోసేసింది. గోడకున్న వాల్వు కాస్త తిప్పి, పొయ్యి వెలిగించి, టీ గిన్నె పెట్టింది.

రేపు సార్ ఆయాసపడుతూ వచ్చారు. వంటమనిషితో మాట్లాడటం తన హోదాకు తక్కువనుకున్నారేమో, నావైపు తిరిగారు.

"ఆ వాల్వు కట్టెయ్."

పదేళ్ల ఉద్యోగంలో పైవాళ్లకు ఎదురు చెప్పి ఎరగను. మా ఆవిడ నా వంక చూసింది. బతిమాలుతున్నట్టు కాదు, వీడేం చేస్తాడో చూద్దామన్నట్టు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నా చేత్తో కట్టను సార్. కావాలంటే మీరే కట్టండి," అన్నాను.

వరసంతా చూస్తోంది. ఇక తప్పదని ఆయన చొక్కా చేతులు పైకి మడిచి వాల్వు పట్టుకున్నారు. దేశంలో మొదటి నూనె బావికి చీఫ్ ఇంజనీరే గానీ, వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుందో తెలియదు. బలమంతా పెట్టి తిప్పారు. మంట రెండింతలైంది.

మా ఆవిడ టీ గిన్నె దించి పెద్ద గిన్నె పెట్టింది.