ముందు రంగు, తర్వాత బోల్టు

దుర్గారావు కీ తిప్పాడు. ‘టిక్’ మంది. అంతే. హెడ్‌లైట్లు మాత్రం ఎదుటి గోడ మీద ఏ బెంగా లేనట్టు వెలుగుతున్నాయి.

సోమవారం ఉదయం తొమ్మిది కావస్తోంది. పదకొండింటికల్లా యర్రయ్య పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రిలో డయాలిసిస్ మంచం మీద ఉండాలి. శుక్రవారం వంతు ఇప్పటికే తప్పిపోయింది. ఈ రోజు కూడా తప్పితే ఏమవుతుందో దుర్గారావుకి ఎవరూ చెప్పక్కర్లేదు. భార్య శాంతకుమారిని రెండేళ్ళు ఇదే కారులో, ఇదే పని మీద తీసుకెళ్ళాడు. ఆమె పోయాక కారు అమ్మేద్దామనుకున్నాడు. సరిగ్గా ఆ నెలలోనే వెనక వీధిలో ఉండే, చేపల వేటకెళ్ళే యర్రయ్యకి కిడ్నీలు చెడ్డాయని తెలిసింది. సోమ, బుధ, శుక్రవారాలకి మళ్ళీ ఒక పని దొరికింది.

యర్రయ్యకి ఆ సూదులంటే రోత. మానెయ్యడానికి సాకు వెతుక్కుంటూనే ఉండేవాడు. బస్సులో నిలబడలేనన్నాడు. ఆటో కుదుపులకి వాంతులవుతాయన్నాడు. కానీ వాకిట్లో దుర్గారావు మేస్టారి కారు హారన్ మోగితే కాదనడానికి నోరు వచ్చేది కాదు. ఇప్పుడు ఆ కారే కదలడం మానేసింది.

శుక్రవారం బండి మొరాయించగానే కొత్త బ్యాటరీ తెచ్చి తనే పెట్టాడు దుర్గారావు. శనివారం ఫోన్లో వీడియో చూస్తూ స్టార్టర్ మోటారు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. ఆదివారం ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా పీకి చూశాడు. తామున్న సిప్పీఘాట్‌లో పిల్లలెందరికో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పిన మనిషి. ఆమాత్రం చేసుకోలేనా అనుకున్నాడు.

కంచె దగ్గర ఎరుకమ్మ నిలబడి ఉంది. యర్రయ్య భార్య.

"మేస్టారూ, ఈయన కాలు నొక్కితే గుంట పడిపోతంది. పడింది పడినట్టే ఉంటంది. ఆయాసం కూడా వొచ్చీసింది. ఆటో పిలిస్తే ఎక్కనంతన్నాడు. ‘మేస్టారి బండి బాగయ్యాక ఎల్తాన్లే’ అంతన్నాడు. నవ్వుతా సెప్తన్నాడండి."

ఆ నవ్వు తలుచుకుంటే దుర్గారావుకి ఆ ఆయాసం మాట విన్నదానికన్నా ఎక్కువ భయం వేసింది. వెతుక్కుంటున్న సాకుని తనే తీసుకెళ్ళి ఆ మనిషి చేతిలో పెట్టినట్టయింది.

"మెకానిక్ వస్తున్నాడమ్మా. ఇంకో అరగంట" అన్నాడు.

పక్కనున్న గారచర్మ నుంచి మెకానిక్ భాను స్కూటర్ మీద వచ్చాడు. అతని షాపుకి ఆ రోజు సెలవు. అయినా ఫోన్ ఎత్తాడు, వచ్చాడు. అదే చాలనుకున్నాడు దుర్గారావు.

"ఏం చేశారు సార్‌జీ? సచ్ బోలియే, దాచకండి."

"బ్యాటరీ మార్చాను."

"ఔర్?"

దుర్గారావు చేతిలోని గుడ్డని రెండుసార్లు మడిచాడు. "స్టార్టర్ విప్పాను."

"ఔర్?"

"ఫ్యూజులు..."

"బాప్ రే! ఇంజన్ ఒక్కటి వదిలేశారు, మెహర్బానీ!" అంటూనే భాను బానెట్ ఎత్తాడు. "కీ తిప్పండి. నేను లైట్లు చూస్తా."

టిక్.

"లైట్లు తగ్గట్లేదు. స్టార్టర్ కరెంటు లాగితే తగ్గాలి కదా. లాగట్లేదు. మళ్ళీ తిప్పండి. ఇంకోసారి. ఇంకోసారి." నాలుగోసారికి అతను ముక్కు ఎగబీల్చాడు. యాక్సిలరేటర్ కేబుల్ మీద వేలు పెట్టి చటుక్కున లాక్కున్నాడు. "గరం హై! వీడెందుకు వేడెక్కాడు?"

దుర్గారావు కారు దిగి వచ్చి తనూ ముట్టుకున్నాడు. వేలు చురుక్కుమంది. అది పెడల్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే మామూలు ఇనప తీగ. దానికీ కరెంటుకీ సంబంధమే లేదు. రావాల్సిన దారి మూసుకుపోతే తప్ప కరెంటు అటు పోదు.

"తిరిగెళ్ళే దారి లేదు" అన్నాడు మెల్లిగా.

"అదే. ఎర్తు దొరకట్లేదు."

భాను ఒక లావుపాటి వైరు తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజన్‌కి తగిలించాడు. "మారో!" అన్నాడు. కీ తిప్పీ తిప్పగానే ఇంజన్ గర్జించింది. కంచె దగ్గర ఎరుకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంజన్ ఆపాక భాను లోపలికి వంగాడు. ఇంజన్ని కారు బాడీతో కలిపే అల్లిక పట్టీ ఒకటుంటుంది. దాని బోల్టు విప్పాడు. బోల్టు కింద, పట్టీ కింద, మరల్లో కూడా దట్టంగా నీలం రంగు.

"యే క్యా హై? ఈ నీలం ఎవరు కొట్టారు సార్‌జీ?"

దుర్గారావు ఆ రంగుని గోటితో గీకి చూశాడు.

రెండు ఆదివారాల కిందట అక్కడ తుప్పు కనబడింది. యర్రయ్య తన పడవకి వేసే రంగు డబ్బా తెచ్చుకుని, స్టూలు మీద కూర్చుని, "ముందు రంగెయ్యండి మేస్టారూ, తరవాత బోల్టు. ఉప్పుగాలికి ఇనుం ఆగదు" అని పని చెప్పాడు. పడవది చెక్క. అందులో వెళ్ళే ప్రతి వైరుకీ తిరిగొచ్చే వైరు వేరే ఉంటుంది, రంగు ఎక్కడేసినా నష్టం లేదు. కారుకి ఇనప ఒళ్ళే ఆ తిరిగొచ్చే వైరు. అది యర్రయ్యకి తెలీదు. దుర్గారావుకి తెలుసు, నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పినవాడు. కానీ జబ్బు పడ్డాక మొదటిసారి ఆ రోజు యర్రయ్య పడవ మీద ఉన్నట్టే గట్టిగా కేకలేశాడు. "ఇంకో పూత! మూల ఒగ్గీసినారు!" అన్నాడు. ఆ గొంతు వింటున్న సంబరంలో దుర్గారావు చదివిందంతా మరిచిపోయి రెండు పూతలు వేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు బండి ఎలాగో నడిచింది. రంగు మధ్యలో ఎక్కడో మిగిలిన కాస్త ఇనుమే దాన్ని నడిపి ఉండాలి.

భాను గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, పట్టీ బిగించి, పైన గ్రీజు పూశాడు. "ఉల్టా చేశారు సార్‌జీ. ముందు బోల్టు, తర్వాత రంగు."

పది కావడానికి పావుగంట ఉండగా యర్రయ్య వాకిట్లో హారన్ మోగింది. నులకమంచం మీంచి యర్రయ్య లేవలేదు. మొహం ఉబ్బి ఉంది.

"ఏటి పాడయింది?"

"నేనే సరిగ్గా బిగించలేదు. నా తప్పే. రా, టైమవుతోంది."

"మల్లీ దార్లో ఆగిపోతే? బానెట్టు ఎత్తండి, సూద్దాం."

ఎరుకమ్మ భుజం పట్టుకుంటే నాలుగడుగులకి రెండుసార్లు ఆగి, కారు దగ్గరికొచ్చాడు. వంగి చూశాడు. గీకిన చోట ఇనుము తెల్లగా ఉంది. దాని చుట్టూ అంచుల్లో నీలం మిగిలి ఉంది. ఆ అంచుని వేలితో తడిమాడు.

"ఇది నా రంగు."

దుర్గారావు అటు తిరిగి అద్దం తుడవసాగాడు.

"బండిని కూడా నీలాగే సేసీసినావు" అంది ఎరుకమ్మ. "కాలు కదపదు, లైట్లు మాత్రం ఎలుగుతాయి."

యర్రయ్య నవ్వలేదు. "నాకెందుకు సెప్పలేదు మేస్టారూ?"

"రంగు మంచిదే యర్రయ్యా. నేను వేసిన చోటు తప్పు."

"ఎయ్యమన్నది నేను కదా." ఊపిరి అందక కాసేపు ఆగాడు. "ఒకపాలి ఆపి మల్లీ ఎయ్యండి. రేవు దాటకముందే సూసుకోవాల."

ఇంజన్ ఆపాలంటే దుర్గారావుకి చెయ్యి రాలేదు. అయినా ఆపాడు. కీ తిప్పాడు.

అందుకుంది.

యర్రయ్య డోరు తెరుచుకుని ముందు సీట్లో కూలబడ్డాడు. దుర్గారావు సీటుని వెనక్కి వంచాడు, శాంతకుమారికి వంచిన మేరకే. లుంగీ పక్కకి తొలిగితే వాచిన కాలి మీద ఎరుకమ్మ బొటనవేలు నొక్కిన గుంట కనబడింది. ఇంకా పూడలేదు. పదకొండు లోపల చేరతామా, చేరినా శుక్రవారం పోయినది వెనక్కి వస్తుందా అనుకుంటూ గేరు వేశాడు. బానెట్ దించేముందు యాక్సిలరేటర్ కేబుల్ ముట్టుకు చూశాడన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. చల్లగా ఉంది.

రోడ్డెక్కాక యర్రయ్య కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అని దుర్గారావు రెండుసార్లు పక్కకి చూశాడు.

"బుదారం నా రంగు డబ్బా తెత్తాను మేస్టారూ" అన్నాడు యర్రయ్య, కళ్ళు తెరవకుండానే. "ఆ బోల్టు పైన ఏద్దాం. పైనే."