మెరవకూడని గడి

ల్యాబులో గాజుపలక పరీక్ష చేసినప్పుడల్లా రోగుల రక్తం పక్కన జబ్బు లేని మనిషి రక్తం ఒకటి పెట్టాలి. దాన్నే కంట్రోల్ అంటారు. అది ఎవరిదంటే, టెక్నీషియనమ్మ మొగుడిదే. ఆయన టైలరు. ఆర్నెల్లకోసారి చెయ్యి చాపి, "నాలాంటి శుద్ధమైన మనిషి మీ ఆస్పత్రి మొత్తంలో ఇంకొకడున్నాడా?" అని కోతలు కోసేవాడు. ఆవిడ పైకి మూతి తిప్పినా లోపల మురిసిపోయేది.

గాజుపలక మీద గడులుంటాయి, గడుల్లో కణాలు. వాటి మీద రక్తంలోంచి తీసిన సీరం వేస్తారు. సొంత ఒంటి మీదే కత్తి కట్టిన యాంటీబాడీలు అందులో ఉంటే, కణంలో తాము పగబట్టిన చోటు వెతుక్కుని మరీ అతుక్కుంటాయి. పైన రంగు వేస్తే ఆ చోటు పచ్చగా మెరుస్తుంది. టైలరుగారి గడి ఎప్పుడూ చీకటే. ఆ చీకటే ఆరోగ్యం.

ఆ రోజు కొత్తగా తీసిన రక్తంతో చేస్తే, ఆ గడి మెరిసింది.

సరిగ్గా కడగలేదని తన్ను తానే తిట్టుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. కేంద్రకాల్లో ఆవాలు చల్లినట్టు చుక్కలు. విడిపోతున్న కణాల్లో అవే చుక్కలు నడుమ ఒక్క వరసలో నిలబడ్డాయి. సరిగ్గా కడగనంత మాత్రాన ఇంత పద్ధతిగా మెరవదు. చలికి వేళ్ళు తెల్లబడి, మెల్లగా చర్మం బిగుసుకుపోయేవాళ్ళలో కనబడే వరస అది.

పెద్ద డాక్టరమ్మ చూసి, "ఈ మనిషెవరో గానీ వెంటనే చూపించుకోమనమ్మా. నువ్వు కంట్రోల్ మార్చెయ్," అంది. టెక్నీషియనమ్మ తలూపి పలక తీసి పక్కన పెట్టేసింది. చలి మొదలయ్యాక సూది జారిపోతోందని ఆయనంటే, "పని దొంగకి వెయ్యి సాకులు" అని దెప్పింది తనే.

తిన్నగా దుకాణానికి వెళ్ళి, మిషను పక్కన కూలబడి చెప్పేసింది.

"అంటే నా రక్తం నా మీదే తిరగబడిందా?"

"చుక్కలు కనబడితేనే కొంప మునిగిపోదండీ. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. ముందుగా తెలిసింది, వేళ్ళు కాపాడుకోవచ్చు." ధైర్యం చెబుతూనే భోరుమంది.

ఆయన ఆ వేళ్ళతోనే ఆవిడ కళ్ళు తుడిచాడు. చల్లగా ఉన్నాయి. ఆవిడ వాటిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దసాగింది.

"ఇంక నీకు పనికిరానన్నమాట." నవ్వబోయాడు.

"డాక్టరమ్మ మార్చమంది రక్తాన్ని. మొగుణ్ణి కాదు. నోర్మూసుకుని రెండో చెయ్యి ఇవ్వండి."

ఇచ్చాడు. బట్టల కొలతలిద్దామని వచ్చిన ఒకావిడ గుమ్మంలో నిలబడి ఉంది. వేళ్ళకి రంగు తిరిగొచ్చేదాకా ఇద్దరూ ఆవిణ్ణి లోపలికి రమ్మనలేదు.