కొండకేసి తిరిగిన కుర్చీ

నోహే అత్తకి డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మెట్టు ఎక్కాలంటే ముందు దేవుణ్ణి, తర్వాత పక్కనున్నవాణ్ణి పిలుస్తుంది. అటువంటి మనిషి, మోలొకాయి దీవి తూర్పు కొసలో మగాళ్లంతా అలల్ని చూసి తోకముడుచుకుని వెనక్కొచ్చేసిన వారంలోనే, సంచీ నిండా ఒపిహి తెచ్చి ఇంటింటికీ పంచేది.

ఒపిహి అంటే అల కొట్టే రాతికి టోపీలా అతుక్కుని ఉండే గుల్ల. అది బతికేది అల విరిగే చోటే. కత్తి పెట్టి పెకలించాలంటే మనిషి కూడా అక్కడికే దిగాలి. వాగుకి ఇవతల ఉండే లోపాకా బావమరిది ఆరేళ్ల కిందట అలాగే దిగాడు. చెప్పు ఒక్కటి దొరికింది.

ఆవిడ ఎక్కడినుంచి తెస్తోందో ఏడాదిగా లోపాకాకి అంతుపట్టలేదు. అడగడానికి లేదు. సముద్రానికి పోయేవాళ్లని ఎక్కడికని అడిగితే, ఆ మనిషి ఉన్నపళాన బుట్ట దించేసి ఇంట్లో కూర్చుంటుంది. చేపలకి చెవులుంటాయి మరి. పోయేవాడు కూడా "కాస్త తిరిగొస్తా" అంటాడు తప్ప వేటకని అనడు. తాతల నాటి మర్యాద. ఇంత మర్యాద ఉన్న జాతికి భూములు పరాయివాళ్ల చేతికెలా పోయాయని లోపాకా అప్పుడప్పుడు అనుకుంటాడు. ఆ మర్యాదవల్లే పోయాయేమో!

ఈసారి మాత్రం తెలుసుకోక తప్పని అవసరం వచ్చిపడింది. శనివారం మనవరాలి మొదటి పుట్టినరోజు. గోతిలో కాల్చడానికి పంది సిద్ధంగా ఉంది, చేమదుంప ముద్దా వస్తుంది. ఒపిహి లేదు. ఏడాది బిడ్డ విందులో ఒపిహి గిన్నె లేకపోతే, తాత చేతగానివాడని నూరుమంది నోటితో అనరు, మూతి తుడుచుకుంటూ చూపుతో అంటారు.

బుధవారం పొద్దున రేడియో చెప్పింది. ఈశాన్యపు గాలి గంటకి ముప్పై మైళ్లు. గాలికి ఎదురుగా ఉన్న వాలుల మీద జల్లులు. తూర్పు తీరాల్లో పది అడుగుల అలలు, ఆదివారం దాకా. ఎవరూ నీటి దగ్గరికి పోవద్దు. రేడియోలో చదివేవాడికి దీవులన్నీ ఒకే ముద్ద. ఈ మలుపుకీ ఆ మలుపుకీ తేడా వాడికేం తెలుసు? వాడు కూర్చున్న గదికి కిటికీ అయినా ఉందో లేదో.

"డబ్బా చేప తెప్పించు బావా," అన్నాడు మనువెల, కంచె మీద మోచేతులానించి. మేనమామ కొడుకు వాడు, పక్కిల్లే. "మూత తీసి గిన్నెలో పోస్తే చాలు. పసిపిల్లకేం తెలుస్తుంది?"

"పసిపిల్లకి తెలీదురా. నీకు తెలుస్తుంది. నువ్వు చచ్చేదాకా చెప్పుకుంటావు."

"చచ్చాక కూడా చెప్తా. పైన మీ నాన్న అడుగుతాడుగా!"

విందుకి పిలిచే నెపంతో ఆ సాయంత్రం లోపాకా వాగు దాటి నోహే అత్త ఇంటికి వెళ్లాడు. ఆవిడ వాకిట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. వెనక ముప్పై గజాల్లో సముద్రం ఊగిపోతోంది, ఇంటి రేకుల మీదికి తుంపర కొడుతోంది. ఆవిడ దానికి వీపు పెట్టి కూర్చుంది.

లోపాకా ఆగిపోయాడు. సముద్రం మీద బతికేవాళ్ల కుర్చీలన్నీ సముద్రానికేసే ఉంటాయి. ఈవిడ కుర్చీ కొండకేసి ఉంది. నాలుగు కాళ్ల కిందా మట్టిలో గుంటలు పడ్డాయి. అంటే ఈ రోజు తిప్పింది కాదు.

"శనివారం రావాలి అత్తా. పిల్ల పుట్టినరోజు."

"పిలవకపోయినా వచ్చేదాన్నే. పంది పెద్దదేనా?"

"నీకంటే పెద్దది."

"వెధవా!" అంది, చిక్కుడుకాయ విసిరి. "ఒపిహి ఉందా?"

అతని గొంతులో ప్రశ్న పైకొచ్చేసింది. "అత్తా, నువ్వు ఎక్క..."

ఆవిడ చెయ్యెత్తింది. "ఆ ముక్క పూర్తి చేశావంటే నెల్లాళ్లు గుమ్మం దిగను. ఒట్టు."

లోపాకా నోరు మూసుకుని ఆవిడ చూస్తున్న వైపే చూశాడు. లోయ చివర గోడలా నిలబడ్డ కొండ. దాని మీంచి దూకే జలపాతం. దూకుతోందా? సగం దాకా వచ్చిన నీళ్లు కిందికి రావడం లేదు. గాలి వాటిని ఎత్తి, తెల్లటి పొగలా తిరిగి కొండ మీదికే ఎగదోస్తోంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న జలపాతమే. ఇవాళ కొత్తగా కనిపించింది.

ఆ రాత్రి నిద్రలో కూడా అదే ఆలోచన. గురువారం రోడ్డు పనికి పోయి, పార ఆనించి నిలబడి, అయిదు నిమిషాలకోసారి కొండకేసి చూశాడు. మధ్యాహ్నం దాకా పొగే. మూడు గంటలకి ఆ పొగ పలచబడింది. చీకటి పడే వేళకి జలపాతం, పై అంచు నుంచి మడుగు దాకా తెల్ల దారంలా, తిన్నగా జారుతోంది. గాలి పడిపోయింది! రేడియో మాత్రం అదే పాట.

"దొరికావు అత్తా," అనుకున్నాడు లోపాకా. నలభై తొమ్మిదేళ్లవాడికి పదేళ్ల పిల్లాడి సంబరం వచ్చింది.

శుక్రవారం తెల్లవారుతూనే లోయ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు దగ్గరికి వెళ్లాడు. ఊరంతా ఎరిగిన చోటే. వేరే చోటు అతనికి తెలీదు మరి. గాలి లేదు. నీళ్లు నున్నగా లేచి పడుతున్నాయి. కాసేపు చూసి దిగాడు. ఏడెనిమిది గుల్లలు తీశాడో లేదో, చప్పుడు లేకుండా ఒక గోడ లేచింది. గాలి ఆగినంత మాత్రాన, రెండు రోజుల కిందట బయల్దేరిన అల దారిలో ఆగిపోదు కదా! రాయిని కౌగిలించుకున్నాడు. నీళ్లు అతని మీంచి వెళ్లి, వెనక్కొస్తూ కాళ్లు పట్టి లాగాయి. వేలి గోళ్లు ఊడాయనుకున్నాడు. నీళ్లు దిగాక చూసుకుంటే సంచీ లేదు, కత్తి లేదు, ఎడమ మోకాలి మీద చర్మం లేదు.

ఎలాగో గట్టెక్కి కూర్చున్నాడు. ఇంటికి పోవడానికి మొహం చెల్లలేదు. బావమరిది చెప్పు కళ్లముందు ఆడింది.

పదింటికి కాలిబాటలో చేతికర్ర చప్పుడయింది. నోహే అత్త. భుజాన సంచీ, రాతి మీద జారకుండా అడుగున దళసరి బట్ట కుట్టిన చెప్పులు. లోపాకాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడాదిపాటు ఊరంతా ఈవిడకేదో రహస్యపు చోటుందని కొండలూ గుట్టలూ వెతికింది. చోటు అందరిదే. వేళ ఒక్కటే ఆవిడది.

ఆవిడ అతని మోకాలు చూసింది. "ఏరా, ఏంటిలా?"

"ఊరికే. తిరగడానికొచ్చాను."

"నేనూ అంతే."

అడుగులో అడుగు వేసుకుంటూ, గట్టుకి నాలుగు బారల కిందున్న నల్లటి చదును రాయి దాకా దిగింది. వేలితో రాయిని రుద్ది నాలుక మీద పెట్టుకుంది. తుపుక్కున ఉమ్మేసి, పైకొచ్చి కూర్చుంది. అతను అడగలేదు. ఆకులో చుట్టిన ఉడికిన దుంప తీసి సగం విరిచిచ్చింది.

మబ్బు తునక ఒకటి వచ్చి, పావుగంట జల్లు కొట్టి, పోయింది. ఎండ వచ్చింది. గంట గడిచాక ఆవిడ మళ్లీ దిగి, వేలు పెట్టి, రుచి చూసింది. మళ్లీ ఉమ్మేసింది.

'రాతినేం రుచి చూస్తుంది? మతి పోయిందా?' ఉమ్మేసిందంటే ఉప్పు తగిలినట్టే అనుకున్నాడు లోపాకా. జల్లు పడింది. రాయి కడుక్కుపోయింది. కడుక్కుపోయిన రాయికి ఉప్పెక్కడిది?

అప్పుడు తట్టింది. జల్లు వెలిశాక కూడా ఏదో ఒక అల అంత ఎత్తుకి ఎక్కిందన్నమాట! తాము కబుర్లాడుతున్నప్పుడో, దుంప తింటున్నప్పుడో. కళ్లు ఏమారతాయి. రాయి ఏమారదు.

పన్నెండు దాటాక ఇంకో జల్లు పడింది. ఈసారి ఆవిడ గంటన్నర ఆగింది. ఆగలేనిది అతనే. చివరికి ఆవిడ కర్ర ఆనించి లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్లీ కూలబడింది.

"నువ్వు పోయి చూడరా," అంది, దేన్నని చెప్పకుండా.

లోపాకా కుంటుకుంటూ దిగి, నల్ల రాతిని రుద్ది, వేలు నోట్లో పెట్టుకున్నాడు. వాన రుచి. మట్టి రుచి కాస్త. ఇంకో మూల రుద్దాడు. ఉప్పు లేదు. తిరిగి చూసేసరికి ఆవిడ పిడి అరిగిపోయిన కత్తి చాచి పట్టుకుంది.

"రెండేళ్లయింది ఆ కింది మెట్టు దిగి," అంది. "పైపైన గీక్కుంటున్నా. అడుగున బాగా పెరిగి ఉంటాయి. చిన్నవి ముట్టుకోకు. నీళ్లకి వీపు పెట్టకు."

"ఇంట్లో నువ్వు పెడతావుగా!"

"ఇంట్లో నన్నెవడు మింగుతాడు? దిగు!"

పొద్దు వాలేదాకా అతను పెకలించాడు, ఆవిడ పైనుంచి కాపు కాసింది. "వస్తోంది, అతుక్కో! ... ఇది ఉత్తిదే, కానీ ... ఒరేయ్, ఆశపోతు, చాల్రా! నీ మనవరాలికి పళ్లు నాలుగేగా!"

శనివారం విందులో ఒపిహి గిన్నెలు రెండు. నోహే అత్త పక్క గిన్నె మధ్యాహ్నానికే ఖాళీ. రేడియో ఇంకా పది అడుగులనే అంటోంది.

మనువెల నోట్లో గుల్ల పెట్టుకుని నమిలాడు, ఇంకోటి తీసుకున్నాడు, లోపాకా కట్టు కట్టిన మోకాలు చూశాడు.

"బావా, ఇంత పోటులో ఎక్కడ..."

"ఆ ముక్క పూర్తి చేశావంటే పంది చెవి పెట్టను," అన్నాడు లోపాకా. "కాస్త తిరిగొచ్చాను. అంతే."

మనువెల నోరు మూసుకున్నాడు. మూసుకుని ఇల్లంతా కలయజూశాడు. వాకిట్లో లోపాకా కుర్చీ దగ్గర వాడి చూపు ఆగింది. నిన్నటిదాకా సముద్రానికేసి ఉండే కుర్చీ ఇవాళ వెనక్కి తిరిగి ఉంది. వాడు గుల్ల నమలడం మానేసి, మెల్లగా మెడ తిప్పి, కొండకేసి కళ్లు చికిలించి చూడసాగాడు.